మా దీవిలో లేని పేరు

మా దీవిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. పొద్దున్నే నేను బెండకాయలు కొంటే, పొయ్యి వెలిగించకముందే రేవులో అందరికీ మా ఇంటి కూర ఏమిటో తెలిసిపోతుంది. అలాంటి ఊరు రెండేళ్ల కిందట వేసవిలో ఒక రహస్యాన్ని కడుపులో దాచుకుంది. చివరికి దాన్ని బయటపెట్టింది కూడా మేమే. నోరు జారి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ బయటపెట్టాం.

నా పేరు సెవస్తి. మొగుడు పోయి పదిహేనేళ్లయింది. రేవుకి కాస్త పైన మా ఇంటి వెనక మూడు గదులున్నాయి, వేసవిలో అద్దెకిస్తాను. మూడో గది ముందు అంజూరపు చెట్టు, దాని కింద రాతి అరుగు ఉంటాయి. అరుగు మీద కూర్చుంటే ఎదురుగా సముద్రమే. జూలై ఆఖరి వారం నుంచి ఆగస్టు పదిహేను, మరియమాత పండుగ దాకా ఆ గది ఒరేస్తీస్, ఎవాంతియా దంపతులది. పంతొమ్మిదేళ్లుగా వాళ్లదే. ఆ రోజుల్లో ఇంకెవరొచ్చి అడిగినా ఖాళీ లేదనేదాన్ని.

ఒరేస్తీస్ ఏథెన్స్‌లో లిఫ్టులు బాగుచేసేవాడు. "మీ దీవిలో ఒక్క లిఫ్టు కూడా లేదు, అందుకే వస్తున్నాను" అనేవాడు ఏటా ఓడ దిగుతూనే. మూడో రోజుకల్లా చేతులు ఊరుకోక నా ఫ్రిజ్జో నీళ్ల మోటారో విప్పి కూర్చునేవాడు. పొద్దున్నే సముద్రంలో ఉన్న గాడిదరాయి అనే బండ దాకా ఈదుకుంటూ వెళ్లి వచ్చేవాడు. తర్వాత కాఫీ. తర్వాత మా చిన్నాన్న కొడుకు పందెలి కాఫీకొట్లో తావ్లీ పలక ముందు పాచికలు విసరడం, గెలిచినవాడు ఓడినవాణ్ణి మధ్యాహ్నం దాకా ఏడిపించడం. భోజనమయ్యాక కిటికీ తలుపులు వేసుకుని నిద్ర. ఎవాంతియా అంజూరపు నీడలో కూర్చుని హత్యల నవలలు చదివేది, గుమ్మడిపూలలో బియ్యం కూరి నాకూ ఒక గిన్నెడు పంపేది. ఏమీ జరగకుండా మూడు వారాలు గడవడం కోసమే వాళ్లు అంత దూరం వచ్చేవారు. జరిగేది కూడా కాదు.

మా దీవిలో మగాళ్లు సగం మంది నికీతాలు, సగం మంది పందెలీలు. మనవడికి తాత పేరు పెట్టి తీరాలి కాబట్టి కొత్త పేరు దూరే సందే లేదు. అందుకే ఒకణ్ణి కాఫీకొట్టు పందెలి అంటాం, ఇంకొకణ్ణి పడవ నికీతా అంటాం. ఒరేస్తీస్ అనే పేరు మాకు ముందూ లేదు, తర్వాతా లేదు. మొదటి ఏడు నోరు తిరక్క అందరం ఆయన్ని మేస్త్రీ అన్నాం, అదే ఉండిపోయింది. ఆయన నన్ను ఇంటావిడా అనేవాడు.

ఆ ఏడు జూన్‌లో ఎవాంతియా ఫోన్ చేసింది. మొగుడికి కడుపులో ఆ పాడు జబ్బు వచ్చిందట. దాని అసలు పేరు మేం నోటితో అనం, ఆవిడా అనలేదు. డాక్టరు ఆవిణ్ణి వరండాలోకి పిలిచి చెప్పాడట, క్రిస్మస్ దాటడం కష్టమని. ఆవిడ లోపలికెళ్లి మొగుడితో పుండు అని చెప్పింది. మందులు వేసుకుంటే నెమ్మదిగా మానుతుందంది.

"ఊళ్లో వాళ్లకి చెప్పు, సెవస్తీ. చిక్కిపోయాడు, చూసి ఎవరూ అయ్యో అనకూడదు. ఆయనకి ఒక్క వేసవి కావాలి. అన్ని వేసవుల్లాంటిది ఒక్కటి."

మా వైపు ఇది కొత్త కాదు. జబ్బు సంగతి రోగికి తప్ప అందరికీ చెబుతారు. మా నాన్నకీ అలాగే చేశాం. ఆయన ఆఖరిదాకా కీళ్లనొప్పులే అనుకున్నాడు. కనీసం అనుకున్నట్టు మాకు కనబడ్డాడు. ఈ రెండో మాట అప్పట్లో నాకు తోచలేదు.

నేను ముగ్గురికి చెప్పాను: కాఫీకొట్టు పందెలికి, పడవ నికీతాకి, రొట్టెల మరూలాకి. సాయంత్రానికి దీవంతా తెలిసింది. ఆ పని కోసమే ఆ ముగ్గురినీ ఎంచుకున్నాను.

ఓడ దిగినప్పుడు ఆయన్ని చూశాను. చొక్కాలో మనిషి ఉన్నట్టే లేడు. మొహం పచ్చగా ఉంది. "మీ దీవిలో ఒక్క లిఫ్టు కూడా లేదు" అన్నాడు మెట్లెక్కుతూ, మధ్యలో రెండుసార్లు ఆగి. నేను నవ్వాను. రేవులో వలలు బాగుచేస్తున్న వాళ్లందరూ నవ్వారు. ఎవరూ ఆయన వంక అవసరానికి మించి ఒక్క క్షణం చూడలేదు. ఆ రోజు మా ఊరిని చూసి నాకు గర్వమేసింది.

అందరూ తలో చెయ్యి వేశారు. ఆయన గాడిదరాయి దాకా ఈదలేక సగంలో తిరిగొస్తుంటే, పడవ నికీతాకి సరిగ్గా అక్కడే ప్రతి పొద్దునా వల పాడయ్యేది. కాఫీకొట్టు పందెలి మాత్రం తెలివితక్కువ పని చేశాడు. పాచికల్లో వరసగా నాలుగు రోజులు ఓడిపోయాడు. మేస్త్రీకి అనుమానం వచ్చి, "ఏమైందిరా నీకు, ఎండదెబ్బ తగిలిందా?" అన్నాడు. నేను పందెలిని కొట్టు వెనక్కి పిలిచి చివాట్లు పెట్టాను. మర్నాడు గెలిచి, గెలిచినందుకు వెక్కిరించి, లోపలికెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు.

ఎవాంతియా ఏడుపంతా నా వంటింట్లోనే. మూకుడులో నూనె చిటపటలాడుతున్నప్పుడు ఏడ్చేది, పొయ్యి ఆపే వేళకి కళ్లు తుడుచుకునేది. పండుగ ఉపవాసం పట్టింది. ఆయన అడిగితే ఎండకి ఆకలి లేదంది. ఆయనకి నొప్పి సాయంత్రాలు వచ్చేది, అందుకని ఆ వేళ ఆవిడ గది వదిలి కదిలేది కాదు. ఈ పుండు ఎందుకు మానడం లేదు, ఆ డాక్టరుకి ఏమీ తెలియదేమో, ఇంటికెళ్లాక ఇంకొకరికి చూపిద్దామా అని ఆయన రోజూ అడుగుతాడని, ఆ ఒక్క ప్రశ్నకే తన ప్రాణం పోతోందని నాతో చెప్పుకునేది.

ఆగస్టు ఒకటి నుంచి పండుగ దాకా పొద్దుగూకే వేళ మా చర్చిలో మరియమాత ప్రార్థన ఉంటుంది. ఏ ఇంటివాళ్లు ఆ ఇంట్లో బతికున్న వాళ్ల పేర్లు చీటీ మీద రాసి, కొవ్వొత్తుల బల్ల మీది బుట్టలో వేస్తారు. ఫాదర్ యాకొవోస్ వాటిని ఒక్కొక్కటీ తీసి, వాళ్ల ఆరోగ్యం కోసం పైకి చదువుతాడు. ఇంటిపేర్లు రాయం, ఉత్త పేర్లే. ఆ ఏడు నేను నా వాళ్ల పేర్ల కింద ఒరేస్తీస్ అని రాశాను. మొదటి సాయంత్రమే తెలిసింది, నేనొక్కదాన్నే కాదని. రొట్టెల మరూలా రాసింది. పందెలి పెళ్లాం రాసింది. ఎవరికి వాళ్లం తోచి రాశాం, ఒకరికొకరం చెప్పుకోలేదు. చీటీ తర్వాత చీటీలో ఆ పేరు వినబడుతుంటే మేం కళ్లొత్తుకున్నాం. ఎంత మంచివాళ్లమో అనుకున్నాం. ఎవాంతియాకి చెబితే బెంగపడుతుందని చెప్పలేదు. మేస్త్రీ మాట అనుకోనే లేదు. ఆయన పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి చర్చి గడప తొక్కలేదు. "పెళ్లికి ఒకసారి వెళ్లాను, సరిపోయింది" అనేవాడు.

పదో తారీకు సాయంత్రం నేను చర్చికి బయల్దేరాను. చేతిలో సంచీ ఉంది, అందులో నూనె సీసా, కొవ్వొత్తుల కట్టలు. అంజూరపు చెట్టు కింద మేస్త్రీ నిలబడి ఉన్నాడు. రాత్రుళ్లు నిద్రలేక ఎవాంతియా కుర్చీలోనే కునికిందట, లేపకుండా బయటికొచ్చాడు. ఆ రోజు నొప్పి తక్కువగా ఉందన్నాడు. నా చేతిలో సంచీ అందుకున్నాడు.

"ఇటివ్వు, ఇంటావిడా. ఆడమనిషి మోస్తుంటే మగాణ్ణి చూస్తూ నడవనా?"

వద్దందామనుకున్నాను. మిగతా ఏళ్లయితే వద్దనను కదా. ఇప్పుడంటే అనుమానం వస్తుంది. ఇచ్చేశాను. చర్చి గుమ్మం దగ్గర సంచీ తీసుకుని ఇక వెళ్లమనాలనుకున్నాను. ఆయన టోపీ తీసి, "రోజూ మీరంతా ఇక్కడేం చేస్తారో చూస్తాను" అని లోపలికొచ్చి, వెనక కొవ్వొత్తుల బల్ల పక్కన నిలబడ్డాడు. అప్పటికీ నా మట్టిబుర్రకి తట్టలేదు. మేస్త్రీ చర్చిలోకి వచ్చాడు, మరియమాత రప్పించింది అనుకుని సంతోషించాను. ముందుకెళ్లి నా చోట నిలబడ్డాను.

ఫాదర్ యాకొవోస్ మొదటి చీటీ తీశాక గానీ నాకు సంగతి వెలగలేదు. ఆయన మాకు వీపు చేసి, మరియమాత పటం వైపు తిరిగి చదువుతాడు. కళ్లు సరిగ్గా కనబడవు, చీటీ ముక్కుకి ఆనించుకుంటాడు. నికీతా, పందెలి, కలోతీనా, ఒరేస్తీస్. నేను వెనక్కి తిరిగి చూశాను. మేస్త్రీ నాకేసి చూసి చిన్నగా నవ్వి, టోపీ గుండెకి ఆనించుకున్నాడు. అది నా చీటీ అనుకున్నాడు. రెండో చీటీ. పందెలి, సెవస్తి, పందెలి, ఒరేస్తీస్. మూడోది. నాలుగోది. నేను దగ్గాను. గట్టిగా దగ్గాను. మరూలా కూడా వెనక్కి చూసి, నా చెయ్యి పట్టుకుని గోళ్లు దింపింది. ఫాదర్ దగ్గు తగ్గేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు, ఎవరి పేరూ పోకూడదని ఆ చీటీ మొదటి నుంచి చదివాడు. ఇంకెవరూ కదల్లేదు. అందరి మెడలూ బిగుసుకుపోయాయి. బుట్ట అడుగు కనబడేదాకా ఆ పేరు వస్తూనే ఉంది. నేను మళ్లీ వెనక్కి తిరిగేసరికి బల్ల పక్కన ఎవరూ లేరు.

బయట చర్చి గోడ మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గాడిదరాయి, దాని మీద ఆఖరి ఎండ. నేను పక్కన నిలబడ్డాను.

"మీ దీవిలో ఒరేస్తీస్‌లు ఎంతమంది, ఇంటావిడా?" అన్నాడు.

"ఉన్నారు, ఒకరిద్దరు."

"ఎవరు?"

నా నోట్లోంచి ఒక్క అబద్ధం కూడా రాలేదు. జీవితమంతా నోరున్నదాన్నని పేరు నాకు.

"ఇరవై ఏడు సార్లు చదివాడు" అన్నాడు. "పాపం, వాడెవడో వాడి ఒంట్లో అస్సలు బాగున్నట్టు లేదు."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన నా వంక చూడకుండా అడిగాడు, ఎవాంతియాకి తెలుసా అని. మొదట తెలిసింది ఆవిడకే అన్నాను. ఎన్నాళ్లు అని అడిగాడు. క్రిస్మస్ దాకా అన్నారని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అడిగిన మనిషి మొహం చూశాక చెప్పకుండా ఉండలేకపోయాను.

టోపీ అంచు వేళ్లతో తిప్పుతూ కూర్చున్నాడు.

"లిఫ్టుల్లో ఇరుక్కున్న వాళ్లని ముప్పయ్యేళ్లు బయటికి తీశాను, ఇంటావిడా. లోపల చీకటి. వాళ్లు తలుపులు బాదుతుంటారు. నాకు ఒక్కోసారి గంట పట్టేది, ఒక్కోసారి రెండు. ఎంత పట్టినా బయట్నించి ఒకటే మాట చెప్పేవాణ్ణి. ఏం కాలేదు, రెండు నిమిషాలు అని. జూన్ నుంచి ఎవాంతియా నాతో అంటున్నది ఆ మాటే అన్నమాట."

తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు తెలిసిందని ఆవిడకి చెప్పకు. ఊళ్లో వాళ్లకీ చెప్పు, చెప్పొద్దని. నాకో వేసవి ఇవ్వాలని అంత కష్టపడుతోంది. అది పాడుచెయ్యొద్దు. మరియమాత మీద ఒట్టు వెయ్యి."

వేశాను. చర్చిలోంచి బయటికొస్తున్న వాళ్లు మమ్మల్ని చూసి అడుగు తీసి అడుగు వేయలేక గుమ్మంలోనే నిలబడిపోయారు. మేస్త్రీ లేచి, అందరికీ టోపీతో సలాం కొట్టి, నెమ్మదిగా ఇంటి దారి పట్టాడు.

ఆ రోజు నుంచి రెండు రహస్యాలు మోశాం, ఆవిడ దాచినదీ, ఆయన దాచినదీ. మేస్త్రీ మాత్రం మారిపోయాడు. ఎవాంతియా ఏం పెడితే అది తిన్నాడు. పుండు సంగతి, డాక్టరు సంగతి మళ్లీ ఎత్తలేదు. పదమూడో తారీకున గాడిదరాయి దాకా ఈదాడు, రాయి ఎక్కి కూర్చుని చెయ్యి ఊపాడు. ఎలా వెళ్లాడో నాకు తెలియదు. వచ్చేటప్పుడు మటుకు నికీతా పడవ పక్కనే ఉంది. ఎవాంతియా నా వంటింటి కిటికీలోంచి చూసి, "చూశావా, సెవస్తీ, మరియమాత కరుణించింది" అంది. ఆ రోజు నూనె చిటపట లేకుండానే ఏడ్చింది. నేను అవునన్నాను.

పండుగ వెళ్లిన రెండో రోజు ఓడ. వాళ్ల గడ్డిటోపీ, రబ్బరు చెప్పులు ఏటా నా సామాను గదిలో వదిలి వెళ్లేవాళ్లు, మళ్లీ ఏటికి. ఆయన చెప్పులు మంచినీళ్లతో కడిగి, టోపీ మేకుకి తగిలించాడు. ఎవాంతియా వెనకే నిలబడి పెదవి కొరుక్కుంటోంది.

"వచ్చే ఏడు కూడా ఇదే గది, ఇంటావిడా. ఇంకెవరికీ ఇవ్వకు" అన్నాడు నా కళ్లలోకి చూస్తూ.

"ఉంచుతాను, మేస్త్రీ" అన్నాను. అంతకంటే కష్టమైన మాట నేను ఇంతవరకు అనలేదు.

నవంబరులో పోయాడు. ఎవాంతియా ఫోన్ చేసి, చివరిదాకా ఆయనకి తెలియలేదని, అది ఒక్కటైనా ఆయనకి ఇవ్వగలిగానని చెప్పింది. మీ ఊరి రుణం తీర్చుకోలేనంది. నేను ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ పక్కన స్టూలు మీదే కూర్చున్నాను.

మరుసటి జూన్‌లో మళ్లీ ఫోన్. గది ఉంచావా అని అడిగింది, ఆయన చెప్పాడు కదా అంది. ఒక్కతే వచ్చింది. అదే ఓడ, అదే అరుగు. పుస్తకం ఒళ్లో ఉండేది గానీ పేజీ తిరిగేది కాదు. ఆగస్టు మొదటి శనివారం ఆయన పేర కోలివా, అంటే పోయినవాళ్ల కోసం చర్చి దగ్గర పంచే గోధుమలు, చేస్తానంది. మేమిద్దరం ముందురోజు గోధుమలు ఉడికించి, బట్ట మీద ఆరబెట్టి, బాదం, కిస్‌మిస్ కలిపాం. పైన చక్కెర పరిచి, వెండిరంగు మిఠాయి గుండ్లతో ఆయన పేరులో మొదటి అక్షరం పెట్టింది.

శనివారం పొద్దున పూజకి చనిపోయిన వాళ్ల చీటీలు వేరే. పైన సిలువ గీస్తాం. ఇప్పుడు దాచేదేముంది అనుకుని ఎవరికి వాళ్లం మళ్లీ రాశాం. ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాళ్లం, అయినా బుద్ధి రాలేదు. ఫాదర్ యాకొవోస్ చీటీలు ముక్కుకి ఆనించుకుని చదివాడు. చీటీకొకసారి ఒరేస్తీస్. ఎవాంతియా మొదట కళ్లు తుడుచుకుంది. తర్వాత చుట్టూ ఒక్కొక్క మొహమూ చూస్తూ, చేతులు జోడించి నిలబడింది. నాకు తృప్తిగా అనిపించింది.

పూజ అయ్యాక బయట గోడ దగ్గర పళ్లెం పెట్టుకుని, గోధుమలు చెంచాతో కాగితం సంచుల్లో పోస్తున్నాం.

"ఇంతమంది రాశారా, సెవస్తీ" అంది. "పోయినేడు కూడా రాశారా? ఆరోగ్యానికి?"

"రాయకుండా ఉంటామా" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

చెంచా ఆగింది. "ఒకరోజు నీ సంచీ మోసుకుంటూ ఇక్కడికొచ్చాడు కదా. లోపల ఉక్కగా ఉంది, నిలబడే నిద్రపోయానని చెప్పాడు నాతో." చెంచా పళ్లెంలో పెట్టేసింది. "ఆ సాయంత్రం నుంచే పుండు గురించి అడగడం మానేశాడు. నేను మరియమాత దయ అనుకున్నాను."

నా ఒట్టు గుర్తొచ్చింది. కానీ ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. పళ్లెంలో చక్కెర వంక చూస్తోంది.

"నవంబరు దాకా ఒకే మంచం మీద పడుకున్నాం. ఇద్దరికీ తెలుసు. నేను ఆయన కోసం నవ్వాను, ఆయన నా కోసం నవ్వాడు. వెళ్లొస్తానని ఆయన అనలేదు. వెళ్లమని నేను అనలేదు. నలభై ఏళ్లు కాపురం చేసి, ఒకరికొకరం చెప్పుకోకుండా విడిపోయాం, సెవస్తీ."

ఒట్టు పోతే పోయింది, ఆ పాపం నాదే అనుకున్నాను. గోడ మీద ఆయన కూర్చున్న చోటు చూపించి, ఆ సాయంత్రం ఆయన అన్నవన్నీ చెప్పాను. ఇరవై ఏడు సార్లు లెక్కపెట్టడం చెప్పాను. లిఫ్టుల్లో ఇరుక్కున్న వాళ్లతో ఆయన అనే మాట చెప్పాను.

ఎవాంతియా నా చెయ్యి పట్టుకుంది. "ఏమని?"

"ఏం కాలేదు, రెండు నిమిషాలు అని."

ఆవిడ గోడ మీద, సరిగ్గా ఆ చోటనే కూర్చుంది.

"ఆసుపత్రిలో ఆఖరి పొద్దున నేను భయపడుతున్నాను. ఆయన కళ్లు తెరిచి నా చెయ్యి నొక్కి అదే మాట అన్నాడు. నర్సు రెండు నిమిషాల్లో వస్తుందని అంటున్నాడనుకున్నాను. గుమ్మం వైపు చూశాను, సెవస్తీ. ఆయన వైపు చూడలేదు."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏడ్వలేదు ఆవిడ, ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది. గుమ్మంలో ఊరంతా నిలబడి ఉంది, దగ్గరికి రావాలో వద్దో తెలియక. చివరికి మరూలా ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది. ఎవాంతియా లేచి, చెంచా తీసుకుని, ఆవిడ చేతిలో ఒక సంచీ నింపి పెట్టింది. తర్వాత పందెలికి, ఆ తర్వాత నికీతాకి. ఇంకా చాలామంది మిగిలి ఉన్నారు.